పింజారి అని పేరు పెట్టుకున్న నటుడు

‘పింజారి’ అనే మాటని మనలో చాలామందిమి తిట్టుగానే విన్నాం. సినిమాల్లో వినపడుతుంది, హాస్టల్ గ్రౌండ్‌లోనూ వినపడుతుంది. కానీ అది ఒక పని పేరు. పత్తిని ఏకి దూది చేసి, పరుపులు కుట్టేవాళ్లని పింజారులనీ దూదేకులవాళ్లనీ అంటారు. ఆ కులంలో పుట్టిన ఒక పెద్ద కళాకారుడు తన ఆత్మకథకి ‘పింజారి’ అనే పేరు పెట్టుకున్నారు. ఆయనే బుర్రకథ పితామహుడు షేక్ నాజర్.

మాది తోట్లవల్లూరు. ఊరి పక్కనే కృష్ణ, అవతల గుంటూరు వైపు. నాజర్ గారిది ఆ గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లు. 1920లో పేద కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు వేశారు, సంగీతం నేర్చుకున్నారు.

బుర్రకథలో ఉండేది ముగ్గురే. మధ్యలో కథకుడు: భుజాన తంబుర, చేతికి అందెలు, కాళ్లకి గజ్జెలు. రెండు పక్కలా డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. కథ పల్నాటి యుద్ధమే కావచ్చు, మధ్యలో రాజకీయం చెప్పే వంత ఇవాళ్టి సంగతి ఎత్తుతాడు. చదువు రాని రైతుకి కూడా అది సూటిగా అందుతుంది.

అందుకే 1940లలో ప్రజా నాట్యమండలి బుర్రకథని చేతిలోకి తీసుకుంది. మన కృష్ణా జిల్లాకి చెందిన సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు. నాజర్ గారు బెంగాల్ కరువు మీద కథ కట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఊరూరా చెప్పారు. నాటకాల అనుభవం వల్ల ఆయన కథని పాడి ఊరుకోలేదు, నటించారు. సెట్టు లేదు, మేకప్ మార్చే వీలు లేదు. ఒక్క మనిషే గొంతుతో, చూపుతో, అడుగుతో ఒక్కో పాత్రగా మారిపోవాలి.

సరిగ్గా అదే కాలంలో, 1943లో, అమెరికాలో పాల్ రాబ్సన్ అనే నల్లజాతి నటుడు బ్రాడ్‌వే మీద ఒథెల్లో వేశారు. తెల్లవాళ్ల బృందంతో కలిసి బ్రాడ్‌వేలో ఆ పాత్ర వేసిన మొదటి నల్లవాడు ఆయనే. నాటకం 296 సార్లు ఆడింది. ఆయన రంగస్థలం మీద గెలిచి, బయట జాతి వివక్ష గురించి గట్టిగా మాట్లాడారు. 1950లో ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది, 1958 దాకా ఇవ్వలేదు. ఇక్కడ ప్రజా నాట్యమండలి మీద కూడా నిషేధాలు పడ్డాయి. రెండు చోట్లా ప్రభుత్వాలు భయపడింది ఒక్కదానికే: జనం చెవిన పడే గొంతుకి.

రెండు కథలూ ఒకటే అని నేను అనను. కానీ చప్పట్లు కొట్టే జనమే, ఆట అయిపోయాక కులమో రంగో గుర్తు చేయడం రెండు చోట్లా ఉంది. ‘పింజారి’ అని పుస్తకం అట్ట మీద వేసుకోవడం అంటే, ‘మీరు తిట్టుగా వాడే మాట నా ఇంటిపేరు లాంటిది, తలెత్తి చదవండి’ అని చెప్పడమే.

ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు.

ఫ్రెండ్స్, 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. ఈ వీకెండ్ పది నిమిషాలు పెట్టి చూడండి. ఆ మాట మళ్లీ ఎక్కడైనా తిట్టుగా వినపడితే, అన్నవాళ్లకి కూడా చూపించండి.