కుందేళ్ళ వల్ల పాముకు ముప్పు

కుందేలు పామును తింటుందా? తినదు. అయినా ఒక చిన్న దీవిలో మేకలు, కుందేళ్ళు కలిసి ఒక జాతి పామును లేకుండా చేశాయి. ఎలాగో చూద్దాం.

మొదట మిర్యాలగూడ వరి పొలాన్ని తలచుకోండి. వరిని ఎలుక, ఎలుకను జెర్రిపోతు తింటాయి. వరి మీది పురుగును కప్ప తింటుంది. ఆ కప్పనూ జెర్రిపోతు వదలదు. గుడ్లగూబకూ ఎలుకే కావాలి. ఇలా అల్లుకున్న ఆహారపు గొలుసులే ఆహార జాలకం. ఒక చేలో జెర్రిపోతులన్నిటినీ చంపేశారనుకోండి. కొన్నాళ్ళకు పక్క చేల నుంచి మరికొన్ని వస్తాయి. సూర్యాపేట దాకా, కోదాడ దాకా నేల ఒకటే కదా! దీవికి ఆ వీలు లేదు.

మారిషస్ పేరు విన్నారా? 19వ శతాబ్దంలో కోరంగి రేవులో ఓడలెక్కి, చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. దానికి ఉత్తరాన సుమారు 22 కిలోమీటర్ల దూరంలో రౌండ్ ఐలాండ్ అనే దీవి ఉంది. వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మన పాఖాల చెరువు ఇంతకంటే పెద్దది!

ఎలుకలు ఏనాడూ చేరని ఆ దీవిలో తాటి జాతి చెట్లు, పురుగులు, వాటిని తినే బల్లులు, నలికిరులు, వీటిని తినే బోవా పాములు ఉండేవి. రౌండ్ ఐలాండ్ బోవా పై దవడ ఎముక రెండు ముక్కలుగా ఉండి, తలుపు బందులాగా మడత పడుతుంది. నున్నని నలికిరి జారిపోకుండా పట్టుకోవడానికి అది పనికివస్తుంది.

మనుషులు తెచ్చి వదిలిన మేకలు, కుందేళ్ళు మొలిచిన మొక్కను మొలిచినట్టే మేసేశాయి. ముసలి చెట్టు కూలితే దాని చోట మరొకటి లేవలేదు. వానలకు మట్టి కొట్టుకుపోయింది. నీడ, ఆకుచెత్త పోతే పురుగులెక్కడ, బల్లులెక్కడ? మట్టిలో దూరి బతికే మరో జాతి బోవా 1975 తరువాత ఎవరికీ కనపడలేదు.

1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్ళను తొలగించారు. మొక్కలు లేచాయి, బల్లులు, ఆ వెనుక పాములు పెరిగాయి. కలుపు కూడా పెరిగింది లెండి! అంతరించిన స్థానిక తాబేళ్ళకు బదులుగా 2007లో అల్డాబ్రా పెద్ద తాబేళ్ళను తెచ్చి వదిలారు. మేకను పంపి తాబేలును తేవడమేమిటంటారా? అక్కడి మొక్కలు వేల ఏళ్ళు తాబేళ్ళ మధ్యనే పెరిగినవి. వాటి మేతకు అవి తట్టుకోగలవు.

దగ్గరలోని గన్నర్స్ కోయిన్ దీవిలో 1995లో ఎలుకలను నిర్మూలించారు. తరువాత నలికిరులను వదిలారు. అవి పెరిగాక, 2012లో 60 బోవాలను విడిచారు. పాములనే ముందు విడిస్తే ఏమయ్యేది? ఆ దీవి ఆహార జాలకాన్ని నోటుబుక్కులో గీసి, బాణం గుర్తులు పెట్టి చెప్పండి.