రొమ్ము చర్మముపై పుట్టు అరుదైన గడ్డ

రొమ్ము కేన్సరనగా పాలగ్రంథులలో పుట్టు గడ్డ యని మన గ్రామములలో ఇప్పుడు చాలమందికి తెలియును. ఆశా కార్యకర్తలు ఇంటింటికి తిరిగి చెప్పుచున్న విషయమే అది. అయితే ఆ చోటనే, పాలగ్రంథులతో సంబంధము లేక, చర్మపు లోపొరలో పుట్టు మరియొక గడ్డ కలదు. దీనిని వైద్యులు డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరెన్స్ అందురు. 1924లో దారియే, ఫెరాన్ అను ఫ్రెంచి వైద్యులు దీనిని వర్ణించిరి. మరుసటి యేడు హాఫ్‌మన్ అను జర్మను వైద్యుడు ఈ పొడవాటి పేరు పెట్టెను. పేరు నోటికి రాకున్నను నష్టము లేదు. దాని నడకను పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెను.

ఇది చాల అరుదు. అమెరికా లెక్కలలో ఏటా 10 లక్షల జనాభాకు సుమారు నలుగురికి మాత్రమే వచ్చుచున్నది. అందులో రొమ్ముపై వచ్చునవి మరింత స్వల్పము. జడ్చర్ల మండలములో ఏండ్ల తరబడి ఒక్కటియు కనిపింపకపోవచ్చును. అట్లయిన దీనిని గూర్చి వ్రాయనేల యని సభ్యులు అడుగవచ్చును. వచ్చిన ఆ ఒక్క స్త్రీకి మొదటి శస్త్రచికిత్స సరిగా జరిగినచో వ్యాధి సాధారణముగా నయమగును. తొందరపడి పైపైన కోసినచో అది మరల మరల మొలచును. అంతేకాక, ఏ గడ్డ విషయములోనైనను పాటింపదగిన జాగ్రత్త ఇందులో ఇమిడియున్నది.

మొదట ఇది చర్మముపై గట్టిపడిన చిన్న మచ్చవలె కనిపించును. రంగు చర్మపు రంగే కావచ్చును. ఎరుపుగనో, గోధుమవన్నెగనో, కొంచెము నీలిగనో ఉండవచ్చును. సాధారణముగా నొప్పి యుండదు. ఏండ్లు గడచిన కొలది మెల్లగా పెరిగి, పైకి బుడిపెలు తేలును. ఇరువది నుండి ఏబది యేండ్ల వయస్సువారిలో ఎక్కువగా కనిపించును. గర్భిణులలో వేగముగా పెరుగుటయు కలదు. నొప్పి లేదు గనుక పట్టించుకొనరు. చోటు చెప్పుకొనరానిది గనుక భర్తకు సయితము చూపరు. చూచినవారు పాత గాయపు ఉబ్బుమచ్చ యనియో, కొవ్వుగడ్డ యనియో తేల్చివేయుదురు. పసరు కట్టుట, వాత పెట్టుట వలన కాలము వృథా యగుటయే గాక పుండు పడును. ఇచ్చట మహిళా సభ్యుల మాటకు గల బలము మరెవ్వరి మాటకును లేదు.

గడ్డను చూచి మాత్రమే వ్యాధిని నిర్ణయించుట పెద్ద వైద్యులకైనను సాధ్యము కాదు. సన్నని సూదితో కణములను లాగి చేయు పరీక్ష దీనికి తరచు చాలదు. గడ్డనుండి చిన్న ముక్క తీసి, పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినితో చూడవలెను. కదురువంటి కణములు చాపవలె అల్లుకొని యుండుట దీని గుర్తు. సి.డి.34 అను రంజన పరీక్షతో నిర్ధారణ బలపడును. గడ్డ ఎంత లోతునకు దిగినదో ఎం.ఆర్.ఐ. చిత్రము తెలుపును.

ఇక శస్త్రచికిత్స. చేనిలో గరికను పైన కోసినంత మాత్రమున అది పోదని రైతునకు చెప్పనక్కరలేదు. ఈ గడ్డయు అట్టిదే. కంటికి కనిపించు బుడిపె కొంత. చర్మము క్రింద కొవ్వులోనికి, ప్రక్కలకు వ్రేళ్లవలె పాకిన భాగము మరికొంత. కావున బుడిపె చుట్టును సాధారణముగా 2 నుండి 4 సెంటీమీటర్ల మంచి చర్మమును కలుపుకొని, అడుగున కండరముపై నుండు పొరవరకు తీయవలసి యుండును. తీసిన భాగపు అంచులన్నిటిని పరీక్షించి, ఏ అంచునను వ్యాధి లేదని తేలవలెను. ఉన్నచో మరల కోయవలెను. అంచుల ఫలితము వచ్చువరకు పెద్ద అతుకుపని చేయకుండుట మేలని పలువురు వైద్యుల మతము. గాయము పెద్దదైనచో తొడ చర్మము అతికింతురు, లేక ప్రక్క కండను త్రిప్పి కప్పుదురు. రొమ్మంతయు తీసివేయుట అందరికి అవసరము కాదు. గడ్డ పరిమాణమును బట్టి వైద్యుడు నిర్ణయించును. ఈ వ్యాధి చంకలోని గ్రంథులకు ప్రాకుట చాల అరుదు గనుక వాటిని మామూలుగా తీయరు. రొమ్ము కేన్సరునకును దీనికిని ఇది పెద్ద భేదము. ముక్క పరీక్ష లేక ఒకదానిని మరియొకటిగా భావించినచో స్త్రీకి అనవసరపు కష్టము కలుగును.

శరీరములోని ఇతర భాగములకు ఇది వ్యాపించుట నూటికి ఐదుగురిలోపే. అయినను కోసిన చోటనే తిరిగి వచ్చు స్వభావము గలది. అట్లు వచ్చునవి ఎక్కువగా మొదటి మూడేండ్లలో వచ్చును. కావున ఆరు నెలలకొకసారి చూపించుకొనుచు, ఆ పిమ్మటను ఏండ్ల తరబడి కనిపెట్టి యుండవలెను. కోయుటకు వీలులేని గడ్డలకు ఇమాటినిబ్ అను మాత్ర 2006 నుండి అమెరికాలో ఆమోదము పొందియున్నది. అంచులు శుభ్రపడనిచో కిరణచికిత్స తోడ్పడును.

జడ్చర్లవారికి మహబూబునగరులో 2016లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గర. హైదరాబాదు రెడ్‌హిల్సులోని మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రి 1955 నుండి సేవ చేయుచున్నది. ఖర్చు మాట వచ్చినపుడు సభ్యులు ఆరోగ్యశ్రీని జ్ఞాపకము చేయవలెను. 2007లో ఆ పథకము మొట్టమొదట అమలైన మూడు జిల్లాలలో మహబూబునగరు ఒకటి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది. రేషను కార్డు, ఆధారు కార్డు వెంట నుండవలెను.

ఇదివరకే ఎక్కడనైనను గడ్డ కోయించుకొన్నవారు కోసిన ముక్కను పరీక్షకు పంపిరా యని అడిగి తెలిసికొనవలెను. పంపియున్నచో ఆ నివేదికను, ప్రయోగశాలలో భద్రపరచిన మైనపు దిమ్మెను, గాజుపలకలను అడిగి తీసికొని క్రొత్త వైద్యునికి చూపవలెను. ఇకముందు కోయించుకొనువారు తీసిన ముక్కను పారవేయక ఫార్మలిను సీసాలో వేసి పంపుమని ముందే చెప్పవలెను.