పరిష్కర్త ధర్మము

ఒకరు వ్రాసిన దానిని మరియొకరు చదివి, అందలి తప్పులను దిద్దుటకు పరిష్కరణమని పేరు. ఇది మేలైన పనియే. అక్షరము తప్పినచో అర్థము చెడును; అన్వయము కుదరనిచో చదువరి తడబడును. కాని దిద్దుబాటునకు ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటినప్పుడు వ్రాసినవాని మాట పోయి, దిద్దినవాని మాట మిగులును.

ఓరుగంటి సీమ చెరువులకు ప్రసిద్ధి. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కాకతీయుల కాలమున వెలసినవి. అట్టి సీమలో ఒక రైతు అధికారికి అర్జీ పెట్టుకొనదలచినాడనుకొందము. “మా చెరువు తూము చెడినది, నీరు వృథాగా పోవుచున్నది. దానిని ఎప్పుడు బాగుచేయింతురు?” అని అతడు చెప్పును. అర్జీ వ్రాయువాడు చదువుకొన్నవాడు. అతనికి ఆ మాటలు మోటుగా తోచును. “మా గ్రామమున నీటి యెద్దడి మిక్కుటముగా నున్నది, తమరు దయతో తగిన యేర్పాటు చేయింతురా?” అని చక్కగా వ్రాయును. అందొక్క అక్షరదోషమైనను లేదు; కాని తూము మాటయు లేదు. అధికారి కనికరించి బోరుబావి వేయించును. తూము నుండి నీరు పోవుచునే యుండును. అర్జీ బాగుపడినది, చెరువు బాగుపడలేదు.

అడుగువాని అవసరము ప్రశ్నలోని చిన్న మాటలలోనే యుండును. భాగవత కథను చూడుడు. ఏడు దినములలో మరణింతువని శాపము పొందిన పరీక్షిన్మహారాజు, మరణము సమీపించినవాడు చేయదగినదేమని శుకమహర్షిని అడిగెను. శుకుడు మొదట ఆ ప్రశ్ననే మెచ్చుకొని, పిమ్మట సమాధానము చెప్పెను. ఆ సభలో మాటనేర్పరి యొకడు లేచి, ప్రశ్నలోని మరణము మాటను తీసివేసి, “మానవుడు ఎట్లు జీవింపవలెను?” అని మార్చియుండినచో ఏమగును? ప్రశ్న పెద్దదగును, కాని రాజునకు మిగిలిన ఏడు దినముల తొందర అందు కానరాదు. గడువు లేని ప్రశ్నకు గడువు లేని సమాధానమే వచ్చును.

ఈ కథను తెనిగించిన బమ్మెర పోతన పదునైదవ శతాబ్దపు కవి. బమ్మెర గ్రామము పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. నేడు జనగామ జిల్లాలో నున్నది. పోతన భాగవతమున కొన్ని భాగములు శిథిలమైనవని చెప్పుదురు. పంచమ స్కంధమును గంగన, షష్ఠ స్కంధమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధములను పోతన శిష్యుడైన వెలిగందల నారయ రచించిరి. వారు స్కంధాంత గద్యములలో తమ పేర్లనే చెప్పుకొనిరి. పోతన పేరు చాటున దాగలేదు. అందుచేతనే ఏ స్కంధము ఎవరిదో చదువరి నేటికిని ఎరుగగలడు. పరుల కృతిలో చేయి పెట్టువారికి ఇది మేలుబంతి.

గ్రంథములను తాటాకులపై చేతితో వ్రాసికొన్న కాలమున ప్రతికి ప్రతికి భేదములు పుట్టెను. సి. పి. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను ముద్రించుటకు పూర్వము పెక్కు ప్రతులను సేకరించి, పండితుల సాయముతో పోల్చి చూచెను. మంచి పరిష్కర్త తనకు సరియని తోచిన పాఠమును పైన నుంచి, తక్కిన వానిని పాఠాంతరములుగా పుట అడుగున చూపును. తాను పొరబడినచో చదువరి సరిదిద్దుకొనుటకు దారి యుంచుట దీని ప్రయోజనము. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలోను ఈ ధర్మమే కలదు. అందలి వ్యాసములను సామాన్యముగా ఎవరైనను మార్చవచ్చును; కాని మార్పునకు ముందున్న పాఠము చెరిగిపోక చరిత్రలో నిలిచియుండును.

వేమనను అడిగి తెలిసికొనుటకు బ్రౌనునకు వీలులేకపోయెను. కాని మన తరగతిలో ప్రక్కన కూర్చున్నవానిని అడుగుటకు అడ్డేమి? విద్యార్థులారా! మీ తోటివాడు తన ప్రశ్నను దిద్దుమని ఇచ్చినచో అక్షరదోషములను నిస్సంకోచముగా దిద్దుడు. అర్థము తెలియనిచో ఊహింపక అతనినే అడుగుడు. మీకు అంతకన్న మంచి ప్రశ్న తోచినచో దానిని మీ పేరుతో వేరుగా అడుగుడు. దిద్దిన పిమ్మట అతనికి చదివి వినిపింపుడు. “ఔను, నేను అడుగదలచినది ఇదియే” అని అతడు పలికినప్పుడే మీ పని ముగిసినదని తెలిసికొనుడు.