లాప్‌టాప్ స్కోరు, లంచ్ బాక్సు లెక్క



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇది: “మా బాబు బెంచ్‌మార్క్ స్కోరు ఎక్కువున్న లాప్‌టాపే కావాలంటున్నాడు. కొనమంటారా?” మన రహమత్ నగర్‌లో చాలా ఇళ్లకు లాప్‌టాప్ అంటే నెలనెలా కట్టే ఈఎంఐ. స్కూల్ ఫీజు పక్కన ఇంకో ఫీజు. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు.

బెంచ్‌మార్క్ అంటే ఏమిటి?

కంప్యూటర్లకు పెట్టే పరీక్ష. అన్నింటికీ ఒకే పని ఇచ్చి, ఏది ఎంతసేపట్లో చేసిందో చూసి స్కోరు వేస్తారు. ఇదేమీ కొత్తది కాదు. 1972లోనే ఇంగ్లండ్‌లో ‘వెట్‌స్టోన్’ అనే పరీక్ష వచ్చింది. అది ముఖ్యంగా దశాంశాల లెక్కల వేగాన్ని కొలిచేది. వెట్‌స్టోన్ నిజానికి ఒక ఊరి పేరు. కానీ వినడానికి ఇంగ్లిష్‌లో ‘తడి రాయి’లా ఉంటుంది. 1984లో వేరే రకం పనులను కొలిచే పరీక్ష తయారుచేసినాయన దానికి ‘డ్రైస్టోన్’ అని పేరు పెట్టారు. తడికి పోటీగా పొడి! ఇంజనీర్ల జోకులు ఇలాగే ఉంటాయి. అన్ని పనులనూ కొలవడానికి ఒక్క పరీక్ష చాలదని అప్పటికే వాళ్లకు తెలుసు.

లంచ్ టేబుల్ దగ్గర చూద్దాం

ఏ ఆఫీసుకైనా వెళ్లండి, లంచ్ టేబుల్ దగ్గర కొన్ని రకాల మనుషులు తప్పకుండా కనిపిస్తారు. మా స్టాఫ్‌రూమ్ కూడా అంతే. బెల్ ఆగేలోపే బాక్సు ఖాళీ చేసేవారు ఒకరు. మొదటి రెండు చపాతీలు గబగబా తిని, మూడో దాని దగ్గర ఆయాసపడేవారు ఇంకొకరు. అందరి బాక్సుల్లో కూర రుచి చూసి, తన బాక్సు మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్లేవారు మరొకరు. “ఎవరు ఫస్ట్?” అని అడిగితే జవాబు చెప్పలేం. మీరు కొలిచేది వేగమా, ఓపికా, వెరైటీనా?

కంప్యూటర్ కూడా అంతే. గీక్‌బెంచ్ అనే పరీక్ష రెండు స్కోర్లు ఇస్తుంది. సింగిల్ కోర్ అంటే ఒక్క మనిషి ఎంత చురుగ్గా వడ్డిస్తాడన్నది. మల్టీ కోర్ అంటే పెళ్లి బంతిలో అందరూ కలిసి ఎంత వడ్డిస్తారన్నది. ఇంట్లో నలుగురికి వడ్డించడానికి ఎనిమిది మంది అక్కర్లేదు, చురుకైన ఒక్కరు చాలు. పిల్లల ప్రాజెక్ట్ వర్క్, ఆన్‌లైన్ పాఠం, పైథాన్ అభ్యాసం దాదాపు ఇలాంటి పనులే.

మరి బంతి వడ్డన ఎవరికి కావాలి? మన పక్కనే కృష్ణానగర్, ఫిల్మ్ నగర్‌లలో గ్రాఫిక్స్ పని చేసేవారికి కావాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. ఒక్కో ఫ్రేము తయారవడానికి పది నిమిషాలు పడుతుందనుకుంటే, ఒక్క కంప్యూటర్‌కి అది పది రోజుల పని. సినీబెంచ్ అనే పరీక్ష కొలిచేది ఇలాంటి పనినే. మీ ఇంట్లో ఆ వృత్తి ఉంటే ఆ స్కోరు చూడండి. ఎనిమిదో తరగతి హోంవర్క్ కోసమైతే దానికి డబ్బు పోయకండి.

ఇంకో రెండు మాటలు కూడా తెలుసుకోండి. ర్యామ్ అంటే లంచ్ టేబుల్ వెడల్పు. టేబుల్ ఇరుకైతే ఒక బాక్సు తీయాలంటే ఇంకోటి బ్యాగులో పెట్టాలి. స్టోరేజ్ అంటే ఆ బ్యాగు. ఎస్‌ఎస్‌డీ అయితే బ్యాగు కుర్చీ పక్కనే ఉన్నట్టు. పాత హార్డ్ డిస్క్ అయితే ప్రతిసారీ వీధి చివర కర్రీ పాయింట్‌కి వెళ్లొచ్చినట్టు. పాత కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలాసార్లు కారణం ఇదే. కొత్తది కొనేముందు ఎస్‌ఎస్‌డీ వేయించవచ్చేమో మెకానిక్‌ని అడగండి. కొత్తదే కొనాలంటే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది స్కూల్ పనికి సరిపోతుంది.

చుట్టాలొచ్చిన రోజు కూర

స్కోరును ఎప్పుడూ ఉన్నదున్నట్టు నమ్మలేం. 2018లో హువావే పి20తో సహా కొన్ని ఫోన్లను త్రీడీమార్క్ పరీక్ష నడిపే సంస్థ తన జాబితా నుంచి తీసేసింది. ఆ ఫోన్లు పరీక్ష యాప్ పేరును గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే గట్టిగా పనిచేశాయి. బయట దొరకని వెర్షన్‌తో పరీక్షిస్తే స్కోరు పడిపోయింది. చుట్టాలొచ్చిన రోజు వండిన కూర చూసి, ఆ ఇంట్లో రోజూ అదే వంట అనుకోకూడదు కదా.

రెండు వేర్వేరు వెర్షన్ల స్కోర్లను కూడా పోల్చకండి. గీక్‌బెంచ్ 5లో ప్రామాణిక స్కోరు 1000, గీక్‌బెంచ్ 6లో 2500. కొలబద్దే మారిపోయింది.

ఈ నెల ఇంటి పని

మీ పిల్లలతో కలిసి మీరే ఒక బెంచ్‌మార్క్ తయారుచేయండి. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి మూడు పనులు ఇవ్వండి: ఆన్ అవడం, పాఠం వీడియో తెరవడం, ప్రాజెక్ట్ ఫైల్ తెరవడం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కో పనిని మూడుసార్లు కొలిచి, మధ్య అంకె రాసుకోండి. 40, 22, 25 సెకన్లు వస్తే మధ్య అంకె 25. చార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. చాలా లాప్‌టాప్‌లు బ్యాటరీ మీద నెమ్మదిస్తాయి. షాపుకి వెళ్లినప్పుడు ఇదే కాగితం తీసుకెళ్లి, అక్కడి డెమో పీస్ మీద ఇవే పనులు చేయించండి. డబ్బు పెట్టేది మీరు కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

టీచర్‌గా ఇంకొక్క మాట. పిల్లల స్లిప్ టెస్ట్ కూడా బెంచ్‌మార్కే. 25కి 14 అని పేపర్ ఇంటికి వస్తే “ఎన్ని వచ్చాయి?” దగ్గర ఆగిపోకండి. “ఏం అడిగారు? ఏది రాలేదు?” అని అడగండి. గుణకారంలో తప్పా, ప్రశ్న అర్థం కాలేదా, టైం చాలలేదా అన్నది ఆ 14 చెప్పదు. పేపర్ తిరగేస్తే తెలుస్తుంది. వచ్చే మీటింగ్‌కి ఆ పేపర్ పట్టుకుని రండి. ముందు దాని గురించి మాట్లాడుకుందాం, లాప్‌టాప్ సంగతి తర్వాత.