ప్రూన్ రసం: జీర్ణవ్యవస్థపై ప్రభావం, వినియోగంలో జాగ్రత్తలు

మలబద్ధకానికి ఇంటివైద్యంగా పాశ్చాత్య దేశాలలో పేరుపొందిన ప్రూన్ రసం మన నగరాలలోనూ దిగుమతి సరుకుగా లభిస్తున్నది. పండ్లరసం గనుక ఎంత తాగినా హాని ఉండదని భావించడం సహజమే గాని సరికాదు. ఈ రసానికి విరేచనకారి గుణాన్నిచ్చే పదార్థమే మోతాదు మించినపుడు బాధకూ కారణమవుతుంది. ఆ పదార్థం సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్.

ప్రూన్ అనగా యూరోపియన్ ప్లమ్ (ప్రూనస్ డొమెస్టికా) ఎండు పండు. లోపల గింజ ఉండగానే పులిసిపోకుండా ఎండగల, చక్కెర అధికంగా గల రకాలే ఇందుకు పనికివస్తాయి. ఫ్రాన్స్‌లోని ఆజెన్ ప్రాంతపు రకం 1850లలో కాలిఫోర్నియాకు చేరి అక్కడ విస్తరించింది. ఈ చెట్టుకు కావలసినంత శీతాకాలపు చలి తెలుగు ప్రాంతాలలో లభించదు. హైదరాబాదు బిర్యానీలో వేసే పుల్లని ఆల్‌బుఖారా కూడా ప్రూనస్ ప్రజాతికి చెందినదే అయినా దానిని తీపి ప్రూన్‌తో సమానంగా లెక్కించరాదు.

సార్బిటాల్ పుట్టుక

మామిడి, జామ, అరటి వంటి చెట్లలో ఆకులు తయారుచేసిన ఆహారం ప్రధానంగా సుక్రోజ్ రూపంలో పండుకు చేరుతుంది. గులాబీ కుటుంబానికి చెందిన ప్లమ్, ఆపిల్, పియర్, పీచ్ చెట్లలో మాత్రం అందులో అధిక భాగం సార్బిటాల్‌గా ప్రయాణిస్తుంది. పండులోని ఎంజైములు దానిలో కొంత భాగాన్ని ఫ్రక్టోజ్‌గా మార్చుతాయి, మిగిలినది అలాగే నిలిచిపోతుంది. సుమారు 3 కిలోల తాజా పండ్లు ఎండి 1 కిలో ప్రూన్‌లు అవుతాయి గనుక సార్బిటాల్ గాఢత కూడా పెరుగుతుంది. 100 గ్రాముల ప్రూన్‌లలో ఇది సుమారు 15 గ్రాములు, అంతే రసంలో సుమారు 6 గ్రాములు ఉంటుంది.

ఈ రసం తాజా పండును పిండి తీసినది కాదు. ఎండిన పండును వేడినీటితో నానబెట్టి, సారాన్ని తీసి, వడకట్టి, వేడిచేసి నిల్వచేస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం అందులో పండు నుండి వచ్చిన నీటిలో కరిగే ఘనపదార్థాలు కనీసం 18.5 శాతం ఉండాలి. వడకట్టడంలో పీచుపదార్థం చాలావరకు తొలగిపోతుంది. నీటిలో కరిగే చక్కెరలు, సార్బిటాల్, పొటాషియం రసంలోకి వస్తాయి. కనుక పండుపై జరిగిన పరిశోధన ఫలితాలను రసానికి యథాతథంగా అన్వయించరాదు.

పేగులలో జరిగేది

చిన్నపేగు సార్బిటాల్‌ను నెమ్మదిగా, అసంపూర్ణంగా మాత్రమే గ్రహిస్తుంది. మిగిలినది ద్రవాభిసరణ వలన నీటిని పేగులోకి లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. పెద్దపేగులో సూక్ష్మజీవులు దానిని కిణ్వనం చేసినపుడు వాయువులు వెలువడతాయి. కొందరిలో 10 గ్రాముల సార్బిటాల్‌కే కడుపుబ్బరం, 20 గ్రాములకు నొప్పి, విరేచనాలు కలుగుతాయని 1983 నాటి అధ్యయనం చూపింది. 200 మి.లీ. గ్లాసుడు రసంలో సుమారు 12 గ్రాములు ఉంటుంది. అనగా ఒక్క గ్లాసుతోనే కొందరు ఆ హద్దు దాటుతారు.

అమెరికాలోని అయోవాలో 40 మంది మలబద్ధక రోగులపై జరిగి 2011లో ప్రచురితమైన ప్రయోగం ఈ సందర్భంలో ముఖ్యమైనది. రోజుకు రెండుసార్లు 50 గ్రాముల చొప్పున ప్రూన్‌లను, దానికి సమానమైన పీచునిచ్చే ఇసబ్‌గోల్‌తో పోల్చగా ప్రూన్‌లే మెరుగైన ఫలితాన్నిచ్చాయి. పీచు సమానమైనపుడు తేడా మరొక దాని వలన రావాలి. ఆ పాత్ర సార్బిటాల్‌కు, కొంతవరకు పాలీఫినాల్‌లకు ఉందని భావించడం సమంజసం. జపాన్‌లో 84 మందిపై 8 వారాలు జరిగి 2022లో వెలువడిన ప్రయోగంలో రోజుకు 54 గ్రాముల ప్రూన్ రసం గట్టి మలాన్ని తగ్గించింది. అయితే రసం గాఢత తయారీని బట్టి మారుతుంది, ఆ 54 గ్రాములను మార్కెట్‌లోని సీసాకు కొలతగా తీసుకోవడం తగదు.

ఎవరికి జాగ్రత్త అవసరం

గ్లాసుడు రసంలో 30 గ్రాములకు పైగా చక్కెరలు ఉంటాయి. మధుమేహ రోగికి రసం కంటే రెండు మూడు ఎండు పండ్లు మేలు. పొటాషియం విషయం ఇంకా తీవ్రమైనది. గ్లాసుకు 550 మిల్లీగ్రాములకు మించి ఉండే ఈ ఖనిజాన్ని దెబ్బతిన్న మూత్రపిండాలు విసర్జించలేవు, రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు, వైద్యుని అనుమతి లేనిదే ఈ రసాన్ని ఎవరికీ సూచించరాదు.

ఏడాదిలోపు శిశువులకు వైద్యుడు చెప్పనిదే ఏ పండ్లరసమూ ఇవ్వరాదని అమెరికా శిశువైద్య అకాడమీ 2017లో సూచించింది. వేడి వలన ఏర్పడే అక్రిలమైడ్ ఈ రసంలో కనిపించడం కూడా రోజూ అధికంగా తాగకపోవడానికి మరొక కారణం.

ఆరోగ్యవంతులైన పెద్దలు 100 మి.లీ. లోపు మొదలుపెట్టి, ఉబ్బరం లేకపోతేనే పెంచుకోవచ్చు. మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గడం, అకస్మాత్తుగా మొదలైన మలబద్ధకం ఉన్నవారు ఏ రసంతోనూ కాలయాపన చేయక వైద్యుని చూడాలి.

గ్రామీణ కుటుంబానికి ఖరీదైన ఈ సీసా తప్పనిసరి కాదు. 100 గ్రాముల జామలో 5 గ్రాములకు పైగా పీచు ఉంటుంది. అయితే జామ పనిచేసేది సార్బిటాల్ వలన కాదు, పీచు వలన. అందువల్ల దానిని రసం తీసి వడకట్టి ఇస్తే ఆశించిన ప్రయోజనం జల్లెడలోనే మిగిలిపోతుంది. పండును గింజలతో సహా నమిలి తిని, తగినంత నీరు తాగాలని శిక్షణ తరగతులలో స్పష్టంగా చెప్పాలి.