రేడియో స్కానింగ్: ప్రాంతం, పరిధి అమరికలు

2015 డిసెంబరు మొదటి రోజుల్లో చెన్నై నగరం జలమయమైనప్పుడు అనేక పేటల్లో విద్యుత్తు నిలిచిపోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అంతకు ముందు ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కూడా ఇదే పరిస్థితి. అక్కడి తల్లిదండ్రుల క్షేమం తెలియక, ఇతర నగరాల్లో స్థిరపడిన బిడ్డలు ఎంతో ఆందోళన చెందారు. అటువంటి వేళ ఇంట్లో మూలపడి ఉన్న బ్యాటరీ రేడియో గుర్తుకు వస్తుంది. దుమ్ము తుడిచి స్కాన్ బటన్ నొక్కితే అంకెలు పరుగెత్తి, ఎక్కడా ఆగకుండా మొదటికి వస్తాయి. "స్టేషన్లు లేవు" అని ఇంటిల్లిపాదీ నిర్ధారణకు వస్తారు. చాలాసార్లు ఆ నిర్ధారణ తప్పు. స్టేషన్ ఉంటుంది, దానిని వెదకవలసిన తీరు సెట్టుకు సరిగా చెప్పి ఉండరు.

స్కాన్ చేసే పని నిజానికి చాలా సామాన్యమైనది. సెట్టు ఒక పౌనఃపున్యం నుంచి మరొక దానికి మెట్టు మెట్టుగా అడుగు వేస్తుంది. ప్రతి మెట్టు మీద క్షణంలో కొద్ది భాగం నిలిచి, అక్కడి సంకేతం ఎంత బలంగా ఉందో కొలుస్తుంది. నిర్ణీత బలాన్ని మించితే ఆగుతుంది, లేకపోతే ముందుకు సాగుతుంది. కనుక ఫలితాన్ని నిర్ణయించేవి రెండే: అడుగు ఎక్కడ పడుతుంది, ఎంత బలాన్ని చాలునని లెక్కిస్తుంది. మొదటిది ప్రాంతం అమరిక, రెండవది పరిధి అమరిక.

మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య దూరం ప్రపంచమంతటా ఒక్కటి కాదు. భారతదేశంతో సహా ఆసియా, ఐరోపా, ఆఫ్రికా దేశాల్లో అది 9 కిలోహెర్ట్జ్, అమెరికా ఖండాల్లో 10. ఆకాశవాణికి కేటాయించిన సంఖ్యలను చూస్తే ఇది తెలిసిపోతుంది. హైదరాబాదు 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, బెంగుళూరు 612, కటక్ 972 - అన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడేవే. అమెరికాలో ఉన్న కుమారుడో అల్లుడో తెచ్చి ఇచ్చిన సెట్టు పదేసి మెట్ల మీద నడుస్తుంది. అది 830 మీద, ఆ తరువాత 840 మీద అడుగు వేస్తుంది కాని 837 మీద వేయదు. మూడు కిలోహెర్ట్జ్ తేడాలో దగ్గరి స్టేషనైతే గరగరలతోనైనా వినిపించవచ్చు, దూరపుదైతే స్కాన్ దానిని దాటిపోతుంది.

ఈ పొరపాటు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండటానికి ఒక విచిత్రమైన కారణం ఉంది. తొమ్మిదికీ పదికీ ఉమ్మడిగా ఉండే గుణిజాలు, అంటే తొంభై గుణిజాలు, రెండు పద్ధతుల్లోనూ దొరుకుతాయి. చెన్నై 720, కడప 900 అటువంటివి. చెన్నైలో ఉన్నవారు తప్పు అమరికతోనే స్కాన్ చేసినా 720 చక్కగా పలుకుతుంది. సెట్టు బాగానే ఉందని నమ్మకం కుదురుతుంది. విజయవాడ దొరకకపోతే దోషం దూరానిదని అనుకుంటారు. బొత్తిగా పలకని సెట్టును ఎవరైనా పరీక్షిస్తారు. సగం పలికే సెట్టును ఎవరూ అనుమానించరు.

సరిచేయడం కష్టం కాదు. కొన్ని సెట్లకు వెనుకవైపు గాని బ్యాటరీ అరలో గాని 9, 10 అని గుర్తున్న చిన్న స్విచ్ ఉంటుంది. కొన్నింటిలో సెట్టు ఆపి ఉన్నప్పుడు ఒక బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కిపట్టాలి. ఏ బటన్ అన్నది సెట్టుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. అమరిక మార్చగానే అంతకు ముందు దాచుకున్న స్టేషన్లు చాలా సెట్లలో చెరిగిపోతాయి. వాటిని ముందుగానే కాగితం మీద రాసి ఉంచుకోవడం మేలు. ఎఫ్.ఎం.కు కూడా ప్రాంతం అమరిక ఉంది. ఇక్కడి స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. జపాన్ పద్ధతికి అమర్చిన పాత సెట్టు 76 దగ్గర మొదలుపెట్టి 90 దాటగానే వెనుదిరుగుతుంది.

ఇక పరిధి. సెట్టు పక్కన లోకల్, డీఎక్స్ అని రెండు స్థానాలున్న స్విచ్‌ను చాలామంది ముట్టుకోరు. లోకల్‌లో ఉంచితే సెట్టు బలమైన సంకేతాలనే లెక్కచేస్తుంది, డీఎక్స్‌లో ఉంచితే బలహీనమైన వాటి దగ్గర కూడా ఆగుతుంది. అయితే ఎప్పుడూ డీఎక్స్‌లోనే ఉంచితే సరిపోదా? పెద్ద నగరంలో సరిపోదు. దగ్గరలోని రెండు బలమైన ప్రసారాలు సెట్టు లోపల ఒకదానితో ఒకటి కలిసి, లేని స్టేషన్లను పుట్టిస్తాయి. 98.3, 101.4 రెండూ అతిబలంగా వస్తున్నచోట 95.2 వద్ద, 104.5 వద్ద కూడా స్కాన్ ఆగి, అదే పాట కలగాపులగంగా వినిపించవచ్చు. అప్పుడు లోకల్‌కు మార్చాలి, లేదా ఏరియల్‌ను కొంత కుదించాలి. దూరపు స్టేషన్ కావాలంటే మళ్లీ డీఎక్స్. అప్పటికీ స్కాన్ ఆగకపోతే స్కాన్‌ను విడిచి, చేత్తోనే ఆ సంఖ్యకు తిప్పి చెవి ఒగ్గి వినాలి. యంత్రం చాలదనుకున్న బలం మనిషి చెవికి చాలవచ్చు.

ఏ స్విచ్ అయినా తరంగం చేరే చోటనే పనికి వస్తుంది. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు మేరకే ప్రయాణిస్తాయి. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే ఆ ఎత్తు నుంచి తరంగానికి అందే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. 100 మీటర్ల టవరుకు 41 కిలోమీటర్లు. వినేవారు 9 మీటర్ల ఎత్తున మేడ మీద ఉంటే మరో 12 కలిసి 53 అవుతుంది. వీధిలో నిలబడితే 45 మించదు, నడుమ భవనాలుంటే అదీ ఉండదు. ఎఫ్.ఎం.కు ఏరియల్‌ను సుమారు 75 సెంటీమీటర్లు సాగదీస్తే చాలు. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవులో అది నాలుగో వంతు.

మీడియం వేవ్ తీరు వేరు. పగలు అది నేలను అంటిపెట్టుకొని సాగుతుంది. ఉప్పునీటి మీద దాని బలం తక్కువగా తరుగుతుంది కనుక సముద్రతీరంలో ఉన్నవారికి తీరం వెంట ఉన్న దూరపు స్టేషన్లు మరికొంత అనుకూలం. రాత్రివేళ పగటి అడ్డంకి ఒకటి తొలగిపోతుంది. సూర్యరశ్మి ఉన్నంతసేపు తరంగాలను పీల్చుకునే అయనావరణపు దిగువ పొర చీకటిపడ్డాక క్షీణిస్తుంది. తరంగాలు పైపొరను తాకి వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. పగలు స్కాన్‌లో కనిపించని విజయవాడ, రాత్రి చెన్నైలో హెచ్చుతగ్గుల స్వరంతో వినిపించే అవకాశం ఉన్నది ఇందువల్లనే. మీడియం వేవ్‌కు బయటి ఏరియల్ పనిచేయదు. సెట్టు లోపల అడ్డంగా ఉన్న ఫెరైట్ కడ్డీయే తరంగాన్ని అందుకుంటుంది. కడ్డీ కొన స్టేషన్ దిక్కును చూస్తే శబ్దం సన్నగిల్లుతుంది, కడ్డీ పక్క ఆ దిక్కుకు తిరిగితే పెరుగుతుంది. సెట్టునే నెమ్మదిగా తిప్పి చూడాలి.

యానాం వారి సంగతి ఇక్కడ ప్రత్యేకం. పరిపాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది గోదావరి సీమ. 1996 నవంబరు 6 రాత్రి ఆ తీరాన్ని కొట్టిన తుపాను పరిపాలనా సరిహద్దును చూడలేదు. రేడియో తరంగం కూడా చూడదు. పగటివేళ యానాంలో వెదకవలసినవి 837, 927. గుమాస్తా కాగితాల మీద ఏ ఊరు ఉందో సెట్టుకు అక్కరలేదు.

మీడియం వేవ్ ప్రసారాలు దేశంలో క్రమంగా తగ్గుతున్నాయి. కొన్ని డిజిటల్ పద్ధతికి మారుతున్నాయి. డిజిటల్ ప్రసారం మామూలు సెట్టులో ఒకే తీరు హోరుగా మాత్రమే వినిపిస్తుంది. కాబట్టి పైన చెప్పిన సంఖ్యలను ఇప్పుడే ఒకసారి పరీక్షించుకోవాలి, గాలివాన మొదలైన తరువాత కాదు. ఒక ఊరిలో దాచుకున్న జాబితా మరొక ఊరిలో చెల్లదని కూడా గుర్తుంచుకోవాలి. సెలవులకు స్వగ్రామం వెళ్లినప్పుడు తిరిగి స్కాన్ చేయాలి. వచ్చాక మళ్లీ చేయాలి. పోలీసు, అగ్నిమాపక, విమానయాన సంభాషణలను వినే స్కానర్లు కూడా బజారులో కనిపిస్తాయి. 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ అనుమతి లేని వైర్‌లెస్ పరికరాలపై మన దేశంలో ఆంక్షలున్నాయి. ఇక్కడ చెప్పినదంతా ప్రజా ప్రసారాల గురించి మాత్రమే.

అభ్యాసం: వాన లేని ఒక రోజున పగలు 11 గంటలకు, రాత్రి 9 గంటలకు ఇంట్లో ఒకేచోట కూర్చొని రెండు స్థానాల్లోనూ స్కాన్ చేయండి. సెట్టు ఆగిన ప్రతి సంఖ్యను, వినిపించిన భాషను, సెట్టు ఎటు తిరిగి ఉందో దానిని ఒక కాగితం మీద నాలుగు వరుసలుగా రాయండి. తొమ్మిదితో భాగింపబడని మీడియం వేవ్ సంఖ్యలు ఎక్కువగా కనిపిస్తే ప్రాంతం అమరికను మార్చి మళ్లీ మొదలుపెట్టండి. ఆ కాగితాన్ని సెట్టు వెనుక అంటించండి. బ్యాటరీలను సెట్టులో వదిలేయకుండా తీసి, కాగితం పక్కనే ఒక సంచిలో ఉంచండి.