చంద్రపూర్ ఎండకు ఆకు రాల్చని చెట్టేది?

చంద్రపూర్‌లో ఇల్లు కట్టుకున్న ఒక తెలుగు పాఠకురాలి ప్రశ్న ఇది. వేసవిలో 47 డిగ్రీలు దాటే ఊరు. పక్కనే ఉన్న తాడోబా అడవిలో టేకు చెట్లు కూడా ఏప్రిల్ నాటికి మోడులవుతాయి. నీడ కావాల్సిందేమో సరిగ్గా అప్పుడే!

పడమటి ఎండను ఆపడానికి నిపుణులు ముందు చెప్పేది పొగడ. నిదానంగా పెరుగుతుంది కానీ ఏడాది పొడవునా గుబురుగా ఉంటుంది, పూల పరిమళం అదనం. తొందరైతే కానుగ మేలు. వేసవి మొదట్లో కొద్దిరోజులు ఆకు రాల్చినా వెంటనే చిగురిస్తుంది. గోడకు కనీసం పదిహేను అడుగుల దూరం ఇవ్వాలి. నరమామిడి ప్రహరీ వెంట అందమే, నీడ మాత్రం అడగకూడదు.

పొదల్లో నందివర్ధనం నమ్మకమైనది. నూరువరహాలు సున్నం పాలెక్కువైన నల్లరేగడిలో ఇనుము అందక పసుపుబారుతుంది, దాన్ని కుండీలో పెంచడం నయం. గన్నేరు ఎండకు జంకదు, అయితే నిలువెల్లా విషం. పిల్లలు, పశువులు తిరిగేచోట వద్దు.

నర్సరీవాళ్లు కోనోకార్పస్ అంటగట్టబోతే తీసుకోవద్దు. గుజరాత్ 2023లో ఆ మొక్క నాటడాన్ని నిషేధించింది.

థర్మల్ కేంద్రమున్న ఊరు కాబట్టి ఆకులపై దుమ్ము పేరుకుంటుంది, అప్పుడప్పుడు నీళ్లతో కడగాలి. మొక్కలు నాటాల్సింది జూన్ చివర్లో, వానలు నిలకడగా మొదలయ్యాక.